మోకాళ్ల మర్యాద

గానుగుపల్లి కమిటీ చైర్మన్ బాలనర్సయ్య నిండు సభలో దబ్బున కింద పడ్డ రోజు, ఊరు నోరు తెరిచి చూసింది ఆయన పడటాన్ని కాదు, పడ్డాక ఆయన చేసిన పనిని. కళ్లు తేలేసిన మనిషి, నోట మాట రాని మనిషి, నలుగురు కలిసి బెల్టు వదులు చేద్దామని చెయ్యి వేసేసరికి రెండు చేతులతో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ప్రాణం పోతే పోనీ, ప్యాంటు మాత్రం పోకూడదు! బిందెడు నీళ్లు నెత్తిన కుమ్మరించి నీడకు మోసుకుపోతే గానీ ఆయనకు తెలివి రాలేదు. తెలివి రాగానే తడుముకున్నది కూడా బెల్టునే.

బోధన్ పక్కనే ఉంటుంది గానుగుపల్లి. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ చెరుకు తప్ప ఇంకో పంట ఎరగని ఊరు. ఫ్యాక్టరీ మూతబడ్డాక వరికీ సోయాకూ దిగింది. చెరుకు పోయింది గానీ పెత్తనం ఎక్కడికి పోతుంది? గ్రామాభివృద్ధి కమిటీ పేరుతో అది ఇప్పటికీ పచ్చగా ఉంది. ఆ కమిటీని సర్కారు పెట్టలేదు, ఏ చట్టంలోనూ రాసి లేదు. ఊరే తన నెత్తిన తాను పెట్టుకుంది. గుడికి ఏ రంగు వెయ్యాలి, గొర్లు ఏ బాటన పోవాలి, పెళ్లి బరాతులో డీజే ఎంతసేపు మోగాలి, అన్నీ కమిటీయే చెప్పాలి. ఆ కమిటీకి చైర్మన్ అంటే మాటలా! అందుకే బాలనర్సయ్య రోహిణి కార్తెలో కూడా మందపాటి తెల్ల టెరికాట్ ప్యాంటు, తెల్ల చొక్కా, వాటి మీద కడక్ గంజి. ఆయన బట్టలు విప్పి గోడకు ఆనిస్తే వాటంతటవే నిలబడతాయని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

ఇక రూలు సంగతి. పోయిన ఏడాది ఎండాకాలం, వరికోత మిషను నడిపే శివకుమార్ పొలం నుంచి నేరుగా కమిటీ హాలుకు వచ్చాడు. ఒంటి మీద రామచిలుకల బొమ్మలున్న పొట్టి లాగు. బాలనర్సయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది కమిటీ హాలా, బోరింగు కాడ తానం జేసే జాగనా?" అని గర్జించి, అక్కడికక్కడే తీర్మానం చేయించాడు. హాల్లో మగవాడి మోకాలు కనపడకూడదు. కనపడితే గోడకు మేకు కొట్టి తగిలించిన పంచె చుట్టుకుని, ముందు వరసలో అందరికీ కనపడేలా కూర్చోవాలి. ఆ తీర్మానానికి అందరికంటే ముందు చేతులెత్తింది ఎవరనుకున్నారు? పంచెలు తొడల దాకా ఎగదోపుకుని గోడకు చేరగిలబడ్డ ముసలాళ్లు. పంచె పంచే, చెడ్డీ చెడ్డే అని తేల్చిపారేశారు. మేకుకు తగిలించిన పంచె కూడా బాలనర్సయ్య ఇచ్చిందే. వాళ్ల బాపు హన్మండ్లు పోయాక పెట్టెలో అడుగున మిగిలిన పాత నేత పంచె. దాన్ని ఆ ఏడాదిలో కట్టని కుర్రాడు లేడు, ఉతికిన నాథుడూ లేడు.

అలా మోకాళ్లను జయించిన బాలనర్సయ్యకు ఇప్పుడు ఎండ ఎదురు తిరిగింది. వచ్చే సభలోనే కొత్త చైర్మన్‌ను ఎన్నుకుంటారు. ఎరువుల దుకాణం పరమేశ్వర్ ఆ కుర్చీ మీద ఎన్నాళ్లనుంచో కన్నేసి ఉన్నాడు. ఆయన తిట్టే రకం కాదు, జాలిపడే రకం. అదే ప్రమాదం. "పాపం, బాల్నర్సన్నకు పానం మంచిగుంటలేదు. మనమే అర్థం జేస్కొని ఇంటికాడ ఉండనియ్యాలె" అని గడప గడపకూ తిరిగి ముక్కు చీదుతున్నాడు. ఇంకొక్కసారి సభలో పడితే బాలనర్సయ్య పని ఖతం. ఆ సంగతి బాలనర్సయ్యకూ తెలుసు.

బోధన్ డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. "ఈ మందం బట్టలు బంద్ చెయ్యండి. పల్చటివి, వదులువి వెయ్యండి. మోకాళ్ల దాకా ఉంటే చాలు."

మోకాళ్ల దాకా! డాక్టరుకేం, నోటికొచ్చింది చెప్తాడు, ఆయనకు కమిటీ ఉందా?

ఇంటికి రాగానే భార్య అనసూయమ్మ గడపలోనే పట్టుకుంది. ఆమె తమ్ముడు చెరుకు కోతల్లో ఎండదెబ్బకే పోయాడు. అప్పటి నుంచి ఎండ అంటే ఆమెకు పాము కంటే భయం.

"నా తమ్ముడు గిట్లనే దబ్బున వడ్డడు, మల్ల లేవలే. నువ్వు గా పాయింటు తొడిగితే నేను బాయిల దుంకుత."

"మరేం గట్టుకోమంటవే? పంచె గడితే ముసలోడైండు, పక్కకు గూసోబెట్టుండ్రి అంటడు పరమేశ్వర్. లుంగీ గట్టుకొని సభకు వోతమా?"

"మా చెల్లె బిడ్డ చెప్పింది. నిజామాబాద్ల పెద్ద పెద్ద ఆఫీసర్లు వేస్కుంటున్నరట. లాగే గని మర్యాద లాగట. ఇస్త్రీ గీత ఉంటదట, బెల్టు పట్టీలు ఉంటయట."

మర్యాద లాగు! ఆ మాట ఆయన చెవిలో తేనె పోసినట్టయింది. మోకాలు దాటితే రూలూ చెడదు, పల్చగా ఉంటే పానమూ పోదు. పాము చావాలి, కట్టె విరగొద్దు.

బోధన్లో కొంటే సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది. అందుకని తువ్వాల తలకు చుట్టుకుని నిజామాబాద్ బస్సెక్కాడు. ఎడపల్లిలో ఎవరో తెలిసిన మనిషి ఎక్కితే, జానకంపేట దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. గాంధీ చౌక్ దగ్గర ఒక పెద్ద బట్టల దుకాణం ముందర రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, మూడోసారికి లోపల జొరబడ్డాడు.

"ఏం గావాలె సార్?" అన్నాడు కౌంటర్ దగ్గర మధుకర్ అనే సేల్స్‌మన్.

"గదే... పాయింటే. గని జెర పొట్టిది."

"షార్ట్సా సార్?" మధుకర్ గొంతు దుకాణమంతా మోగింది.

"ఏ, మెల్లగనయ్యా! మంది ఉన్నరు."

మంది ఉన్నారు నిజమే, కానీ ఎవరికీ ఈయన మోకాళ్ల మీద ధ్యాస లేదు. మధుకర్ గుట్టలు గుట్టలుగా తీసి పరిచాడు. మొదట జారిపోయే నైలాన్ లాగు. "జిమ్ముకు మస్తుంటది సార్" అన్నాడు. బాలనర్సయ్య దాన్ని చేత్తో కూడా ముట్టలేదు. తర్వాత అటు మూడు ఇటు మూడు జేబులున్నది. "గిన్ని జేబులెందుకు, ఇత్తనాలు పోస్కోనీకా?" అని పక్కకు నెట్టాడు. జీన్స్ గుడ్డది చేతిలోకి తీసుకుంటే ఆయన టెరికాట్ కంటే బరువుంది. దాని కోసం ఇంత దూరం రావాలా?

చివరికి మధుకర్ లోపలికి పోయి లినెన్‌ది ఒకటి తెచ్చాడు. తెలుపులో చిన్న గోధుమ ఛాయ. నడుముకు బెల్టు పట్టీలు, వెనక జేబుకు గుండీ, ముందు నిలువునా ఇస్త్రీ గీత. బాలనర్సయ్య దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతల ట్యూబులైటు కనపడింది. మనసు చల్లబడింది.

"నిలవడితే మోకాలు దాటుతదా?"

"దాటుతది సార్."

"కూసుంటే?"

మధుకర్‌కు అర్థం కాలేదు. ప్యాంటు కొనేవాళ్లు నడుము అడుగుతారు, పొడుగు అడుగుతారు, రంగు వెలుస్తుందా అని అడుగుతారు. కూర్చుంటే మోకాలు ఏమవుతుందని ఇంతవరకు ఎవరూ అడగలేదు. బాలనర్సయ్య ట్రయల్ రూములోకి పోయి తెర వేసుకుని, తొడుక్కుని, అక్కడే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అద్దంలో మోకాళ్లు తొంగిచూశాయి. లేచి కొంచెం జారవిడిచి మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ తొంగిచూశాయి.

"సార్, లోపట పానం మంచిగనే ఉందా?" బయట మధుకర్ కంగారు పడ్డాడు.

"నా పానం సంగతి నీకెందుకు? గింతకంటే పొడుగుది తే!"

పొడుగుది వచ్చింది. నిలబడితే మోకాలు దాటి నాలుగు వేళ్లు దిగింది. కూర్చుంటే అంచు సరిగ్గా మోకాలి చిప్ప మీద వాలింది. చిప్ప కనపడలేదు. చట్టం నిలబడింది. బాలనర్సయ్య ట్రయల్ రూములోంచి ఎన్నిక గెలిచినవాడిలా బయటికి వచ్చాడు.

సంచీలో పెట్టిస్తూ మధుకర్ ఒక మాట చెప్పాడు. "సార్, దీన్ని సల్లనీళ్లల్లనే పిండాలె. ఉడుకవెట్టొద్దు, గంజి అసలే వెట్టొద్దు."

"గంజి లేకుంటె అది బట్టెట్లయితదయ్యా?" అన్నాడు బాలనర్సయ్య. జీవితమంతా గంజితో బతికిన మనిషికి నిన్నగాక మొన్న మీసం మొలిచిన వాడు చెప్తే వింటాడా? ఆ మాట దుకాణంలోనే వదిలేసి వచ్చాడు.

సభకు ముందురోజు లినెన్ లాగును అనసూయమ్మ చేతిలో పెట్టాడు. "మంచిగ ఉడుకవెట్టి కడక్ గంజి వెట్టు."

"కొత్త బట్టకు ఉడుకెందుకయ్యా?"

"ఎంతమంది తొడిగి సూసిన్రో ఏమో. చైర్మన్ తొడిగేది గట్లనే ఉంటదా?"

మొగుడి బట్టల తెలుపు అనసూయమ్మకూ గర్వమే. సోడా వేసి తప్పేలాలో కుతకుతా ఉడికించింది. బియ్యపు గంజిలో ముంచి, ఎండలో ఆరేసి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో రుద్దింది. తెల్లారి బాలనర్సయ్య తొడుక్కుంటే లాగు ఒక్కో కాలి చుట్టూ డప్పులా నిలబడింది. గాలి లోపలికి పోయే దారే లేదు. అంతకంటే ఘోరం, అంచు మోకాలి దాకా కూడా దిగలేదు. నిలబడి ఉండగానే చిప్పలు రెండూ బయటికొచ్చి లోకాన్ని చూస్తున్నాయి.

"అయ్యో, గుంజుకవొయిందయ్యా!" అనసూయమ్మ నోరు నొక్కుకుంది.

"నా తెల్ల పాయింటు తే."

ఆమె కదలలేదు.

"తెమ్మంటున్ననా లేదా?"

"అన్ని నానవెట్టిన" అంది మెల్లగా. నాలుగు ప్యాంట్లూ గంగాళంలో నీళ్లలో మునిగి ఉన్నాయి. కావాలనే నానబెట్టింది. మొగుడి సంగతి తనకు తెలియదా? చివరి ఘడియలో టెరికాట్ వెంటే పరుగెడతాడు. బాలనర్సయ్య నోటికొచ్చినట్టు అరిచాడు. ఆమె అంతా విని, కొంగుతో కళ్లు తుడుచుకుని ఒకే మాట అంది.

"నాకు చైర్మనొద్దు. మొగుడు గావాలె."

ఆ మాటకు ఆయన అరుపు ఆపాడు. కానీ కుర్చీ మీద ఆశ చెడ్డది. సభకు పోకపోతే పరమేశ్వర్‌కు పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. నిలబడే ఉందాం, ఎవరు కూర్చోమన్నా కూర్చోకూడదు అని తనకు తాను గట్టిగా చెప్పుకుని, తువ్వాలను మోకాళ్ల ముందు వేలాడేసుకుని బయల్దేరాడు. నడుస్తుంటే గంజి లాగు ఫటఫటమని చప్పుడు చేసింది. వాకిట్లో బీడీలు చుట్టుకుంటున్న ఆడవాళ్లు చేతులాపి చూశారు.

కమిటీ హాలు పేరుకు హాలు. పైన రేకులు, కింద జంపఖానా. పొద్దున పది దాటితే కొలిమి. పైగా కరెంటు లేదు. ఊరంతా కిక్కిరిసి కూర్చుని ఉంది. బాలనర్సయ్య గోడకు ఆనుకుని తువ్వాల అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఫరవాలేదు, గట్టెక్కుతాననుకున్నాడు.

"అయ్యో అన్నా, నిలవడ్డవేంది?" పరమేశ్వర్ లేచి ఎదురొచ్చాడు. ఆయన ఒంటి మీద ముదురు రంగు సఫారీ సూటు, మెడ దాకా గుండీలు, నడుముకు పెద్ద బెల్టు. "కూసో, కూసో. అసలే పానం మంచిగ లేదాయె." అంటూ ప్రేమగా భుజాలు పట్టి కిందికి నొక్కాడు. తువ్వాల జారింది. గంజి లాగు ఫట్టున పైకి లేచింది. మోకాళ్లు రెండూ ఊరి ముందర బయటపడ్డాయి.

వెనక వరసలో శివకుమార్ మోకాళ్లను చూశాడు, తర్వాత మేకును చూశాడు.

"మనం వెట్టుకున్న రూలే గద..." అని పరమేశ్వర్ జాలిగా నసిగాడు.

గుమ్మం దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న వెంకటవ్వ లేచింది. ఊళ్లో ఆమెకంటే పెద్దవాళ్లు లేరు. మేకుకున్న పంచె తీసుకొచ్చి బాలనర్సయ్య ఒళ్లో పెట్టింది.

"కట్టుకో బిడ్డా. మీ బాపుదే. చెరుకు గొట్టేటప్పుడు గిదే పంచె గట్టిండు. ఒక్కనాడన్న మోకాళ్ల కిందికి దిగిందా? గాయిన్ని మర్యాద లేనోడని ఎవలన్న అన్నరా?"

బాలనర్సయ్యకు తల కొట్టేసినట్టయింది. ఊరు నవ్వితే బాగుండేది, ఎదురు తిరిగి అరవొచ్చు. ఒక్కరూ నవ్వలేదు. లేచి లాగు మీదనే పంచె చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పంచె ఊళ్లో కుర్రాళ్లందరి చెమట వాసన కొడుతోంది. తను శిక్ష వేసిన ఒక్కొక్కడి ముఖం గుర్తొచ్చింది. వాళ్లంతా ఇలాగే తల దించుకుని కూర్చున్నారు కదా, అప్పుడు తను ఎంత తృప్తిగా మీసం దువ్వుకున్నాడు! సిగ్గుతో చచ్చిపోయాడు. కుర్చీ పోయిందని అప్పుడే తేలిపోయింది.

పరమేశ్వర్ ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఊరికి మర్యాద ముఖ్యమన్నాడు. మనిషికి బట్ట ముఖ్యమన్నాడు. బట్ట సరిగ్గా లేని మనిషి ఊరిని సరిగ్గా ఎలా ఉంచుతాడని అడిగాడు. రేకుల కింద, సఫారీ లోపల, చెమట ఏరులై పారింది. కాసేపటికి ఆ చెమట కూడా ఆగిపోయింది. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. "మర్యాద... మర్యాద..." అని అదే మాట దగ్గర తిరుగుతూ, మూడోసారి అనబోయి దబ్బున పడ్డాడు.

"పాయింటు ఇప్పుండ్రి ముందు! గాలి తగలనియ్యుండ్రి!" వెంకటవ్వ అరిచింది.

నలుగురు చెయ్యి వేశారు. పరమేశ్వర్ కళ్లు తేలేసి ఉన్నాయి. అయినా రెండు చేతులూ బెల్టును పట్టుకున్నాయి. ఇక లాగండి చూద్దాం!

బాలనర్సయ్యకు తనను తాను బయటినుంచి చూసుకుంటున్నట్టుంది. నేనూ ఇంతేనా? ఇలాగే చావబోయానా? ఒక్క ఉదుటున పోయి పరమేశ్వర్ పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఇడువు తమ్మీ, ఇడువు. నేను గూడ గిట్లనే పట్టుకున్న. ఏం లేదు దాంట్ల, ఇడువు" అంటూ ఒక్కొక్క వేలూ విడదీశాడు. బెల్టు ఊడింది. శివకుమార్ ప్యాంటు లాగేశాడు. బాలనర్సయ్య తన ఒంటి మీది పంచె విప్పి, మూలనున్న మంచినీళ్ల కుండలో ముంచి, నీళ్లోడుతుండగానే పరమేశ్వర్ ఒంటి నిండా పరిచాడు. పలచబడ్డ పాత నేత గుడ్డ ఒంటికి అతుక్కుని చల్లగా పట్టేసింది. వెంకటవ్వ చాటలోని బీడీల తునికాకంతా కింద కుమ్మరించి చాట అందించింది. శివకుమార్ దాంతో ఆపకుండా విసిరాడు. బాలనర్సయ్య ఒంటి మీద నీళ్లు పడి గంజి కరిగి, లినెన్ లాగు ఎట్టకేలకు లినెన్‌లా మెత్తబడింది. ఆయనకు ఆ ధ్యాసే లేదు. "కండ్లు దెరువు తమ్మీ, కండ్లు దెరువు" అని చెంపలు తడుతూనే ఉన్నాడు. నిన్నటిదాకా ఎవడు పోతే బాగుండునని అనుకున్నాడో వాడు బతకాలని ఇప్పుడు దేవుళ్లందరికీ మొక్కుతున్నాడు.

కాసేపటికి పరమేశ్వర్ రెప్పలు కదిలాయి. కళ్లు తెరిచాడు. పక్కనే కూలబడ్డ మనిషి మోకాళ్లే ముందు కనపడ్డాయి. చెరుకాకు కోసిన చిన్నప్పటి గీతలు ఆ చిప్పల మీద ఇంకా ఉన్నాయి.

"అన్నా..." అన్నాడు నీరసంగా, "మోకాళ్లు కనవడ్తున్నయ్."

"కనవడనీ తమ్మీ" అన్నాడు బాలనర్సయ్య. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "మల్ల సూస్తవనుకోలే."

ఎవడో నవ్వాడు, ఆ తర్వాత అందరూ నవ్వారు. బాలనర్సయ్య లేచి నిలబడ్డాడు. తువ్వాల కోసం వెతకలేదు.

"గా రూలు నేనే వెట్టిన, నేనే తీసేస్తున్న. నాది బుద్ధి తక్కువ. ఇగ చైర్మన్ ఎవలో మీరే సూస్కోండ్రి."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇలాంటప్పుడు ముందు ఎవరు చెయ్యెత్తాలో ఎవరికీ తెలియదు. అప్పుడు తడి పంచె కిందినుంచి ఒక చెయ్యి మెల్లగా పైకి లేచింది.

"అన్ననే ఉండనియ్యుండ్రి" అన్నాడు పరమేశ్వర్.

వెనకనే చేతులన్నీ లేచాయి. శివకుమార్‌ది కూడా.

"గని జెర నా పాయింటు ఇయ్యుండ్రి" అన్నాడు పరమేశ్వర్ మళ్లీ, పంచె అంచు మోకాళ్ల మీదికి లాక్కుంటూ.

సఫారీ ప్యాంటు అప్పటికే బెల్టుతో సహా మేకుకు వేలాడుతోంది. దాన్ని తెచ్చివ్వడానికి హాల్లో ఒక్కడూ లేవలేదు.